జింటెకీ సర్వర్లలో బస: ఏది ఖరీదు, ఏది మోసం

ఒక్క క్రెడిట్. నెట్‌రన్నర్ ఆటలో నన్ను చంపడానికి మా బావకు అయిన ఖర్చు అంతే. అప్పటికి నా దగ్గర 19 క్రెడిట్లు, అంటే ఆటలో డబ్బు, మూలుగుతున్నాయి. కాపలాను బద్దలుకొట్టే మూడు రకాల బ్రేకర్లూ బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. ఏదీ అక్కరకు రాలేదు. ఆ మంట చల్లారకుండానే, ఆటలోని చోట్లను యాత్రలో బసల్లా లెక్కగట్టి ఇది రాస్తున్నాను కాబట్టి కొన్ని చోట్లకు మార్కులు మరీ తక్కువ పడితే ఏమీ అనుకోకండి.

నెట్‌రన్నర్ పేరు వినని వాళ్ళకు రెండు ముక్కలు. 1996లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన కార్డు ఆట ఇది. 2012లో ఫ్యాంటసీ ఫ్లైట్ వాళ్ళు ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్ పేరుతో మళ్ళీ తెచ్చారు, 2018లో ఆపేశారు. ఆ తర్వాత అభిమానులే ఒక బృందంగా ఏర్పడి, ఇప్పుడు నల్ సిగ్నల్ గేమ్స్ పేరుతో, కొత్త కార్డులు వేస్తూ ఆటను బతికిస్తున్నారు. ఒకరు కార్ప్, అంటే పెద్ద కంపెనీ. ఇంకొకరు రన్నర్, అంటే హ్యాకర్. కంపెనీ తన కార్డుల్ని సర్వర్లనే చోట్లలో బోర్లా పెట్టి కూర్చుంటుంది, హ్యాకర్ ఆ సర్వర్లకు ఒక్కొక్కదానికీ వెళ్ళి చూసి రావాలి, దాన్నే రన్ అంటారు. అజెండాలంటే కంపెనీ పథకాల కార్డులు. కంపెనీ పూర్తిచేస్తే, అంటే స్కోర్ చేస్తే, పాయింట్లు దానికి, హ్యాకర్ దొంగిలిస్తే హ్యాకర్‌కు. ముందుగా 7 అజెండా పాయింట్లు ఎవరికి వస్తే వాళ్ళదే గెలుపు. కాకపోతే హ్యాకర్ చేతిలో ఉన్న కార్డులకంటే ఎక్కువ డ్యామేజ్ (ఒక్కోదానికి చేతిలోంచి ఒక కార్డు పోతుంది) పడిందంటే పాయింట్ల లెక్కతో పనిలేదు, మనిషి అక్కడికక్కడే పోతాడు.

మా బావ ఎప్పుడూ కంపెనీ వైపే. కంపెనీల్లోనూ జింటెకీ, అందులోనూ పర్సనల్ ఎవల్యూషన్ అనే రకం. అజెండా ఆయన స్కోర్ చేసినా నాకు 1 నెట్ డ్యామేజ్, నేను దొంగిలించినా నాకే 1 నెట్ డ్యామేజ్. ఇలాంటి చోటికి యాత్రకు బయల్దేరడం తెలివైన పనా అంటే కాదు. కానీ ఆయన వేరేది ఆడడు.

తోడుగా మా అక్క వచ్చింది. ఆట ఆడదు గానీ నా పక్కన కూర్చుని నా కార్డులు చూస్తూ సలహాలిస్తుంది. మొగుడి ముఖం చదవడంలో తనకంటే అనుభవజ్ఞులు లేరని ఆమె నమ్మకం. ఆ నమ్మకం వల్ల నాకు ఎంత నష్టం వచ్చిందో కిందికి వెళ్ళాక చెప్తాను.

ముందు బాగున్న చోటు గురించి చెప్పాలి కదా. ఆర్ అండ్ డీ, అంటే కంపెనీ పేక. అక్కడికి వెళ్తే పైన ఉన్న ఒక్క కార్డు చూడనిస్తారు. జింటెకీలో నిశ్చింతగా వెళ్ళదగ్గ చోటు నా దృష్టిలో ఇదొక్కటే. అక్కడ ట్రాపులు, అంటే ముట్టుకుంటే కరిచే కార్డులు, లేవని కాదు, బాగానే ఉంటాయి. కానీ తన పేక పైన ఏముందో మామూలుగా బావకూ తెలియదు. తెలియని దాని మీద మనిషి నటించలేడు. హెచ్‌క్యూ, రిమోట్ అనే మిగతా చోట్లలో ఆయన చేసే నటనంతా, ఆ నిట్టూర్పులు, ఆ పైకప్పు చూడడాలు, ఇక్కడ ఉండవు. ఇద్దరం సమానంగా గుడ్డివాళ్ళం.

దారిలో ఒక ఐస్, అంటే సర్వర్‌కు కాపలా కార్డు, బోర్లా పడి ఉంది. నేను రన్ మొదలుపెట్టగానే బావ దర్జాగా 4 క్రెడిట్లు కట్టి దాన్ని తిప్పాడు. న్యూరల్ కటానా. దాటలేకపోతే 3 నెట్ డ్యామేజ్. నా దగ్గర మిమిక్ అనే బ్రేకర్ ఉంది, 1 క్రెడిట్‌తో పని అయిపోయింది. లోపలికి వెళ్ళి పై కార్డు తీస్తే స్నేర్! ఈ కార్డు ఆర్ అండ్ డీలో దొరికితే రన్నర్ దాన్ని బయటపెట్టి చూపించి తీరాలి. చూపించాను. కార్ప్ 4 క్రెడిట్లు కడితే నాకు 3 నెట్ డ్యామేజ్, పైన ఒక ట్యాగ్, అంటే హ్యాకర్ ఆచూకీ దొరికిందన్న గుర్తు. బావ చెయ్యి క్రెడిట్ల వైపు వెళ్ళి ఆగిపోయింది. అక్కడున్నవి 3. కటానా తిప్పకుండా ఉండి ఉంటే 7 ఉండేవి. కాపలావాడికి జీతమిచ్చి ఉరి బిగించడానికి చిల్లర లేకుండా చేసుకున్నాడు. మా అక్క నవ్వు పక్కగదికి కూడా వినబడి ఉంటుంది. స్నేర్‌ను ట్రాష్ చేయడానికి, అంటే చెత్తలో పడేయడానికి, అయ్యే ఖర్చు సున్నా కాబట్టి అది కూడా చేసి వచ్చాను. ఒకసారి ఆర్కైవ్స్‌లో, అంటే కంపెనీ పారేసిన కార్డుల కుప్పలో, పడ్డాక స్నేర్ కరవదు.

కాబట్టి జింటెకీకి వెళ్ళేవాళ్ళు ముందు చూడాల్సింది తమ పర్సు కాదు, అవతలివాళ్ళ పర్సు. కార్ప్ దగ్గర 4 క్రెడిట్లకు తక్కువ ఉన్నప్పుడు స్నేర్ వట్టి కాగితం. అది చూసుకోకుండా, అందులోనూ చివరి క్లిక్‌లో (క్లిక్ అంటే వంతులో ఒక పని చేసే అవకాశం) రన్‌కు వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు జాలి. ట్యాగ్ తీయించుకోవడానికి 1 క్లిక్, 2 క్రెడిట్లు కావాలి. క్రెడిట్లు ఉన్నా క్లిక్ లేకపోతే ఆ ట్యాగ్‌తోనే అవతలివాళ్ళ వంతులోకి నడవాలి. అక్కడ స్కార్చ్డ్ ఎర్త్ లాంటిది కాచుకుని ఉంటే ఇంకో 4 మీట్ డ్యామేజ్.

ఆర్కైవ్స్‌కు కూడా వెళ్ళాను, ఐస్ లేదు, ఖర్చు లేదు, చెప్పుకోడానికీ ఏమీ లేదు.

హెచ్‌క్యూ అంటే బావ చేతిలోని కార్డులు. కాపలాకు వాల్ ఆఫ్ స్టాటిక్ ఉంది. కొరోడర్ అనే బ్రేకర్‌తో, దాని బలం పెంచడానికి 1, పగలగొట్టడానికి 1, మొత్తం 2 క్రెడిట్లు. లోపల యాదృచ్ఛికంగా ఒక కార్డు చూడనిస్తారు. నాకు తగిలింది ది ఫ్యూచర్ పర్ఫెక్ట్. 3 పాయింట్ల అజెండా! సంబరపడేలోపే బావ గుప్పిట మూసి ముందుకు పెట్టాడు. ఇది సర్వర్‌లో ఇన్‌స్టాల్ కాకుండా దొరికితే ఊరికే ఇవ్వరు. ఇద్దరూ రహస్యంగా 0, 1, 2 క్రెడిట్లలో ఎన్నో కొన్ని పట్టుకుని ఒకేసారి గుప్పిట తెరవాలి. సంఖ్యలు వేరైతే అజెండా నాకు రాదు. అంటే ఆయన మూడింట్లో ఏది పట్టుకున్నాడో నేను సరిగ్గా ఊహించాలి. నేను 1 పెట్టాను, ఆయన 0. మొత్తం 3 క్రెడిట్లు వదిలించుకుని, ఆయన చేతిలో ఆ అజెండా ఉందన్న కబురు మాత్రం మోసుకుని బయటపడ్డాను. ఆ కబురే నా కొంప ముంచింది.

ఇక అసలు గోల. రిమోట్ సర్వర్, అంటే కంపెనీ బల్ల మీద విడిగా తెరుచుకునే చోటు.

మూషిన్ నో షిన్ అని ఒక కార్డుంది. ఆడటానికి క్రెడిట్లు అక్కర్లేదు, 2 క్లిక్‌లు పడతాయి. చేతిలోంచి ఒక కార్డు తీసి కొత్త రిమోట్‌లో బోర్లా పెట్టి దాని మీద ఒకేసారి 3 అడ్వాన్స్ టోకెన్లు (అజెండాను స్కోర్ చేయడానికి పోగేసేవి) పెట్టేయొచ్చు. మామూలుగా అయితే టోకెన్‌కు 1 క్లిక్, 1 క్రెడిట్ చొప్పున కట్టుకోవాలి. షరతు ఒక్కటే, ఆ కార్డును తన తర్వాతి వంతు వచ్చేదాకా కంపెనీ స్కోర్ చేయకూడదు, రెజ్ చేయకూడదు, అంటే తిప్పి వాడుకోకూడదు. ఈ మధ్యలో ఉన్న నా వంతులో వెళ్ళి చూడాలా వద్దా అన్నదే బేరం.

ఆట మొదట్లో ఇది ఒకసారి వేశాడు. ఐస్ లేదు, గడియ లేదు, నట్టింట్లో పెట్టినట్టు పెట్టాడు. అక్క నా మోచెయ్యి పట్టుకుని లాగి, "ఒరేయ్, వెళ్ళకు. ఇంత బాహాటంగా పెట్టాడంటే ఏదో ఉంది" అంది. వెళ్ళలేదు. తర్వాతి వంతులో ఇంకో రెండు టోకెన్లు పెట్టి స్కోర్ చేసేశాడు. అది ఫ్యూచర్ పర్ఫెక్ట్ మొదటి కాపీ. 3 పాయింట్లు, నాకు 1 డ్యామేజ్. అక్క ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు.

రెండోసారి వేసింది నేను హెచ్‌క్యూ నుంచి ఒట్టి చేతులతో వచ్చిన వెంటనే. అదే మూషిన్, అదే మూడు టోకెన్లు, మిగిలిన క్లిక్‌తో 1 క్రెడిట్ తీసుకున్నాడు. అప్పటికి ఆయన 4 పాయింట్ల మీద ఉన్నాడు. ఇంకో 3 పడితే ఆట అయిపోతుంది. చేతిలో ఫ్యూచర్ పర్ఫెక్ట్ ఉందని నేను కళ్ళారా చూశాను. వెళ్ళకపోతే ఏమవుతుందో అంతకుముందే చూపించాడు. సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయిన ఫ్యూచర్ పర్ఫెక్ట్‌కు గుప్పిట ఆట కూడా ఉండదు, తాకితే నాదే.

"చెవి గోక్కుంటున్నాడు చూడు. అబద్ధం ఆడేటప్పుడు అసలు చెవి ముట్టుకోడు. అజెండానే" అని అక్క తీర్పిచ్చింది. బావ ఆ మాట విన్నాడు. విననట్టే ఉన్నాడు.

నా చేతిలో 2 కార్డులు. మూడు క్లిక్‌లు పెట్టి 3 కార్డులు తీశాను, 5 అయ్యాయి. నాలుగో క్లిక్‌తో లోపలికి వెళ్ళాను. ప్రాజెక్ట్ జూన్‌బగ్. 1 క్రెడిట్ కడితే టోకెన్‌కు 2 చొప్పున నెట్ డ్యామేజ్. 3 టోకెన్లు, 6 డ్యామేజ్, 5 కార్డులు. బావ ఒక క్రెడిట్ తీసి బల్ల మీద పెట్టి, నా భుజం తట్టాడు. ఆ తట్టడం లేకపోతే ఇంత రాసేవాణ్ణి కాదేమో.

అక్క ఊరుకుంటుందా? "ఏవండీ, చెవి కావాలనే గోక్కున్నారు కదూ!" అని ఆయన మీద విరుచుకుపడింది. ఆయన సమాధానం చెప్పలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళకు ఈ మనిషి చెవి కూడా నమ్మడానికి లేదని ఆమె ఆ రోజంతా గొణుగుతూనే ఉంది.

ఇందులో ట్రాప్ జూన్‌బగ్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. జూన్‌బగ్ చివర పడే తలుపు మాత్రమే. మొదటిసారి నిజమైన అజెండాను అలా ఆరుబయట పెట్టడం అసలు పెట్టుబడి. అప్పుడు నేను వెళ్ళి ఉంటే ఆయన 3 పాయింట్లు గాల్లో కలిసేవి. అంత రిస్కు తీసుకుని నిజం చూపించాడు కాబట్టే రెండోసారి అబద్ధం అమ్ముడుపోయింది. హెచ్‌క్యూలో నేను చూసిన కార్డును కదపకుండా అక్కడే ఉంచి, నా చూపునే నాకు ఎర వేశాడు. ఒప్పుకోవాలంటే కడుపు మండుతుంది గానీ పని పనిలాగే చేశాడు. అయినా బసగా ఈ సర్వర్‌కు నేనిచ్చే మార్కులు సున్నా.

కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఒక సంగతి. జింటెకీలో చెల్లే నాణెం క్రెడిట్ కాదు, చేతిలోని కార్డు. 19 క్రెడిట్లు పెట్టుకుని 5 కార్డులతో పోయే బదులు, 9 క్రెడిట్లు పెట్టుకుని 6 కార్డులతో వెళ్ళినా బతికి బయటపడేవాణ్ణి. చేతి పరిమితి 5 అంటారు గానీ అది వంతు చివర పారేసుకునేటప్పుడే లెక్క, మధ్యలో ఎన్నైనా తీసుకోవచ్చు. ఒక్క క్లిక్‌కు 3 కార్డులిచ్చే డీజిల్ లాంటివి ఇలాంటి రోజు కోసం దాచుకోండి. ఫీడ్‌బ్యాక్ ఫిల్టర్ కొనమని కొందరు చెప్తారు. డ్యామేజ్‌కు 3 క్రెడిట్ల చొప్పున కట్టి ఆపుకోవచ్చు. పనికొస్తుంది, కానీ 6 డ్యామేజ్ మొత్తం ఆపాలంటే 18 క్రెడిట్లు. అదొక లగ్జరీ.

టోకెన్లు చేత్తో పెట్టిన కార్డయితే అంత భయపడక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేసి, రెండుసార్లు అడ్వాన్స్ చేస్తే కంపెనీ వంతంతా దానికే పోయింది, 2 క్రెడిట్లూ పోయాయి. జూన్‌బగ్ అయినా 4 డ్యామేజే, 5 కార్డులుంటే ఒకటి మిగుల్తుంది. మనం వెళ్ళకపోతే వాళ్ళు ఒక వంతు తగలేసుకున్నట్టే. బ్లఫ్ అవతలివాళ్ళకూ ఉచితం కాదని గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కొత్త సెట్లలో, 2021 నాటి సిస్టమ్ గేట్‌వేలో, ఉర్టికా సైఫర్ అని వచ్చింది. అది ఇంకా దుర్మార్గం. రిమోట్‌లో కూర్చున్నప్పుడు టోకెన్లు లేకపోయినా 2 డ్యామేజ్, ఉన్న ప్రతి టోకెన్‌కూ ఇంకొకటి, పైగా కంపెనీ కట్టాల్సింది ఏమీ లేదు. పర్సు చూసి ధైర్యం తెచ్చుకునే పద్ధతి దాని దగ్గర చెల్లదు.

మొదటిసారి యాత్రకు జింటెకీ వద్దనే చెప్తాను. హాస్-బయోరాయిడ్ అనే ఇంకో కంపెనీకి వెళ్ళండి. అక్కడి బయోరాయిడ్ ఐస్‌ను బ్రేకర్ లేకపోయినా క్లిక్‌లు ఖర్చుపెట్టి దాటొచ్చు, నడిచైనా చేరుకుంటారు. ఎన్‌బీఎన్ అనే కంపెనీ దారి బాగుంటుంది గానీ బాదుడు ఎక్కువ. ఎదురుపడినందుకే టోల్‌బూత్ అనే ఐస్‌కు 3, గోర్డియన్ బ్లేడ్ అనే బ్రేకర్ బలం పెంచుకోవడానికి 3, పగలగొట్టడానికి 1, వెరసి ఒక్క గేటుకు 7 క్రెడిట్లు. కానీ ఆ రేటు కళ్ళముందే ఉంటుంది, ఎవరూ చెవి గోక్కోరు.

తర్వాతి ఆటకు ఇన్‌ఫిల్ట్రేషన్ అనే కార్డు పెట్టుకుని వెళ్ళాను. దాంతో 2 క్రెడిట్లయినా తీసుకోవచ్చు, లేదా బోర్లా ఉన్న ఒక కార్డును తిప్పి చూపించమనైనా అడగొచ్చు. మూషిన్ వేయగానే తిప్పించాను. మళ్ళీ జూన్‌బగ్గే. బావ ముఖం చిన్నబోయింది, నీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఒక డెక్‌లో ఒక కార్డు 3 కాపీలకు మించి పెట్టనివ్వరు. జింటెకీకి వెళ్తుంటే ఇన్‌ఫిల్ట్రేషన్ మూడూ పెట్టుకోండి.