విసనకర్ర పామ్‌ల కోసం దిండి నుంచి కడియం దాకా

పాలకొల్లు పక్కన మా ఊళ్లో కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు కాస్త జాగా మిగిలింది. చుట్టూ ఎటు చూసినా కొబ్బరే. అందుకని విసనకర్ర ఆకుల పామ్‌లు వేద్దామనుకున్నాం. ఈ మాట చెప్పగానే రాజోలులో ఉండే మా బావ పడీపడీ నవ్వాడు. "తాటిచెట్టు డబ్బులిచ్చి కొంటావా బావా? ఏ చేలగట్టు మీద చూసినా ఊరికే దొరుకుతుంది కదా!"

వెటకారమే గానీ అందులో నిజం ఉంది. తాడి కూడా విసనకర్ర పామే. దాన్ని సరిగ్గా ఎరిగినవాడికి మడగాస్కర్ నుంచి వచ్చినదైనా, మెక్సికో నుంచి వచ్చినదైనా సగం అర్థమైపోతుంది. నర్సరీ బోర్డుల కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ తాటి జ్ఞానమే.

ఇంట్లో రంగుల పని అవలేదు కాబట్టి బస దిండిలో పెట్టుకున్నాం. చించినాడ వంతెన దాటితే చాలు, వచ్చేస్తుంది. ఏటి ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. శని, ఆదివారాల్లో గది దొరకడం కష్టం, రేటూ పెరుగుతుంది. వారం మధ్యలో వెళ్తే ప్రశాంతం. మేము దిగిన ప్రైవేటు రిసార్టులో గది శుభ్రంగానే ఉంది కానీ భోజనం గంట ముందు చెప్పినా గంటన్నరకు వచ్చింది. వర్షాకాలం కావడంతో వశిష్ఠ గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. వరద ఉన్నప్పుడు హౌస్‌బోట్లు తిప్పరు. బోటు కోసమే వెళ్లేవాళ్లు శీతాకాలం చూసుకోవడం మంచిది.

మాకు బోటుతో పని లేదు. ఆ రిసార్టు లాన్‌లో నేలలో వేసి పెద్దవైన పామ్‌లు చూడటమే పని. నర్సరీలో కవరులో ఉన్న మొక్క ముద్దుగానే ఉంటుంది, అది ఎంతవుతుందో అక్కడ తెలీదు. ఇక్కడ నడకదారి పక్కనే బిస్మార్కియా అనే విసనకర్ర పామ్ వేశారు. వెండి రంగు, నీలం కలిసిన ఆకులు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ బాగా పెరిగిన చెట్టుకు ఒక్కో ఆకు మూడు మీటర్ల వెడల్పు దాకా రావచ్చు. దారికి అడ్డమొస్తున్నాయని కింది మట్టలన్నీ పచ్చిగానే నరికేశారు, చెట్టు బోడిగా నిలబడి ఉంది. పామ్ జాతికి పచ్చి మట్ట నరకడమంటే తిండి తీసేయడమే. ముసలి ఆకుల్లో దాచుకున్న పొటాష్‌ను చెట్టు కొత్త మొవ్వుకు పంపుకుంటుంది. అందుకే ఎండిపోయినవి మాత్రమే తీయాలి. చిన్న జాగా ఉన్నవాళ్లు ఈ చెట్టు దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడితే చాలు, ఆశ దానంతటదే తగ్గుతుంది. గోడకూ, కరెంటు తీగలకూ దూరంగా, అన్ని వైపులా పది అడుగులు వదలగలిగితేనే బిస్మార్కియా జోలికి వెళ్లాలని నా లెక్క.

దాని వెనక నీడలో రాపిస్ అనే పొద పామ్‌లు బాగున్నాయి. సన్న కాండాలు, చుట్టూ పీచు, ముళ్లు లేవు, ఆకు కొసలు కత్తిరించినట్టు మొండిగా ఉంటాయి. పిల్లలున్న ఇంటికి ఇదే మొదటి ఛాయిస్ అనిపించింది.

మొక్కలు కొనడానికి దిండి నుంచి నర్సరీల ఊరు కడియానికి రాజోలు, పి.గన్నవరం, అంబాజీపేట, రావులపాలెం మీదుగా వెళ్లాం. సిద్ధాంతం వంతెన మీదుగా హైవే ఎక్కితే ప్రయాణం సాఫీగా ఉంటుంది. అయినా కోనసీమ రోడ్డే పట్టమని చెబుతాను. పాత పెంకుటిళ్ల ముందు ఎవరెవరు ఏ పామ్‌లు వేశారో చూసుకుంటూ వెళ్లొచ్చు. ఈ నల్లమట్టిలో, ఈ నీళ్లలో ఏవి బతుకుతాయో ఆ ఇళ్లే చెబుతాయి.

కడియం దగ్గర్లోని రాజమండ్రిలో బస గురించి రెండు మాటలు. కోటిపల్లి బస్టాండు చుట్టుపక్కల మామూలు లాడ్జీల నుంచి మంచి ఏసీ హోటళ్ల దాకా ఉన్నాయి, టిఫిన్లకు లోటు లేదు. మేము దిగిన హోటల్లో ఇరవై నాలుగు గంటల చెక్‌అవుట్ అని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్లాక పన్నెండింటికే ఖాళీ చేయమన్నారు. బుక్ చేసేటప్పుడే మెసేజ్‌లో రాయించుకోండి. నర్సరీలకు దగ్గరని హైవే పక్కన ఉండొచ్చు గానీ, రాత్రంతా లారీల హోరు. ఊళ్లోనే నయం.

ఇక కడియం. అందరూ కడియం అంటారు గానీ నర్సరీలు కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక, ఇలా ఊళ్లకు ఊళ్లే పరుచుకుని ఉన్నాయి. హైవే మీద కనిపించేవి పెద్దవి. నడవడానికి దారులు, ఫొటోలకు ఏర్పాట్లు, కాఫీ, అన్నీ ఉంటాయి. చూడటానికి అవి బాగుంటాయి, కొనడానికి లోపలి రోడ్లే బాగుంటాయి. చిన్న రైతు తాను విత్తు నాటి పెంచిన మొక్క గురించి చెబుతాడు. పెద్ద షెడ్డులో మొక్క ఏ ఊరి నుంచి వచ్చిందో అమ్మే కుర్రాడికే తెలీదు.

అలాంటి ఒక పెద్ద చోటే, "ఆయ్, సిల్వర్ బిస్మార్కియా అండి, గ్యారంటీ" అంటూ ఒక మొక్క చూపించారు. మట్ట అంచూ, ఆకు అంచులూ ఎర్రగా ఉన్నాయి. ఆకు అంచు మీద వేలు పెట్టి లాగితే సన్నని పళ్లు తగిలాయి. అది లటానియా. మారిషస్, రీయూనియన్, రోడ్రిగ్స్ దీవుల చెట్టు. చిన్నప్పుడు ఈ ఎరుపు బాగా కనిపిస్తుంది. లేత బిస్మార్కియాలో కూడా ఊదా ఛాయ ఉంటుంది కాబట్టి రంగొక్కటే చూస్తే పొరబడతాం. బిస్మార్కియా మట్ట మీద తెల్లటి మైనపు పూత, దాని మీద తుప్పు రంగు పొలుసులు ఉంటాయి, అంచు దాదాపు నున్నగా ఉంటుంది. లటానియా కూడా మంచి చెట్టే, బిస్మార్కియా రేటు పెట్టి కొనడమే బాధ.

ఆకు చూసి ఆగిపోకూడదు, మట్ట చూడాలి. తాటిమట్ట అంచున నల్లటి రంపం పళ్లు ఎలా ఉంటాయో మనకు తెలుసు. వాషింగ్టోనియా మట్టకు అంతకంటే పెద్ద, వంకర తిరిగిన ముళ్లు ఉంటాయి, లేత ఆకు చీలికల మధ్య తెల్లటి దారాలు వేలాడతాయి. ఈ రెండూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. చైనా ఫ్యాన్ పామ్, అంటే లివిస్టోనా చైనెన్సిస్‌కు ముళ్లు మట్ట కింది సగంలో ఎక్కువ, ఆకు కొసలు రెండుగా చీలి కిందికి వాలిపోతాయి. టేబుల్ పామ్ పేరుతో అమ్మేది దీని దగ్గరి బంధువు. గుండ్రటి ఆకులు అంతస్తులుగా పరుచుకుంటాయని అందరూ కొంటారు. వయసొచ్చాక ఆ గుండ్రం పోయి ఆకులు లోతుగా చీలతాయని అమ్మేవాళ్లు చెప్పరు. నిజంగా చీలకుండా, మడతలు పడిన గుండ్రటి ఆకు కావాలంటే లికువాలా గ్రాండిస్ తీసుకోవాలి. వనువాటు, సాలమన్ దీవుల నీడలో పెరిగే చెట్టు. మన మే నెల ఎండలో పెడితే అంచులు మాడిపోతాయి. తూర్పు వరండా పక్కన సరిపోతుంది, చాలా మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఖరీదూ ఎక్కువే.

మా బావ మాత్రం ట్రావెలర్స్ పామ్ దగ్గర ఆగిపోయాడు. అంతకంటే చక్కని విసనకర్ర ఎక్కడుంటుంది అంటాడు. అది అసలు పామే కాదు, అరటికి దగ్గరి చుట్టం. ఆకు చూస్తే అరటాకేనని చూపించినా వినలేదు, కొనేశాడు.

మొలకల వయసులో ఇవన్నీ గడ్డిపోచల్లా ఒకేలా ఉంటాయి. విసనకర్ర ఆకు విచ్చుకోని మొక్కను పేరు నమ్మి కొనొద్దు. బిస్మార్కియా కొనేటప్పుడు కవరు అడుగు కూడా చూడాలి. తాటి టెంకను పాతరేస్తే ముందు కిందికి తేగ దిగుతుంది కదా, ఆకు పైకి రావడం ఆ తర్వాతే. బిస్మార్కియా కూడా అలాగే లోతుకు దిగి మొలుస్తుంది. అందుకే వేరు కదిపితే దానికి పడదు. కవరు చీల్చుకుని వేరు నేలలోకి దిగిపోయిన మొక్కను మన కళ్లముందే పీకి ఇస్తున్నారంటే వదిలేయడమే మేలు. పొట్టి కవరులో పొడుగు మొక్క కంటే, లోతు కవరులో చిన్న మొక్క తొందరగా నిలదొక్కుకుంటుంది.

చివరికి బుర్రిలంకలో ఒక పెద్దాయన దగ్గర రెండు చైనా ఫ్యాన్‌లు, ఒక బిస్మార్కియా, వరండాకు లికువాలా తీసుకున్నాం. "వేళ్ల చుట్టూ ఉన్న ఎర్రమట్టి గడ్డ పగలకుండా దింపండి బాబూ, గోతిలో నీళ్లు నిలిచాయో మీదే పాపం" అని ఆయన మరీ మరీ చెప్పారు. డెల్టాలో కాస్త లోతుకు తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. అందుకే ఇసుక కలిపిన మట్టితో అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, దాని మీద నాటాం.

రవాణాకు టాటా ఏస్ మాట్లాడారు. లోడింగ్ కూలి వేరు, ఈ ముక్క ముందే అడగండి. ఆకులన్నీ పైకి ఎత్తి తాడుతో కట్టి, తడి గోనె చుట్టించాలి. అలా కట్టకపోతే గాలికి ఆకులన్నీ పీలికలైపోతాయి. డ్రైవరు కుర్రాడు నెమ్మదిగా తోలాడు, దారిలో ఆగినప్పుడల్లా నీళ్లు చల్లాడు. ఈ ట్రిప్పులో ఎవరికైనా సంతోషంగా పైన డబ్బులిచ్చానంటే అతనికే.

కొబ్బరి తోటల్లో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2016లో మన దేశంలో మొదటిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితో పాటు అలంకరణ పామ్‌లకూ పడుతుంది, మొక్కల రవాణాతో ఊళ్లు దాటుతుంది. ఆకు అడుగున తెల్లటి సుడులు, పైన జిగురు, మసి ఉంటే ఆ మొక్కను బండి ఎక్కించొద్దు. బాగున్నవాటిని కూడా మేము మొదటి కొన్ని వారాలు కొబ్బరి చెట్లకు దూరంగా, బోరు దగ్గర నీడలో ఉంచి, ఆకు అడుగు తిరగేసి చూశాకే నేలలో దింపాం. బావ ట్రావెలర్స్ పామ్‌ను కూడా అక్కడే పెట్టించాను, అతనికి ఎంత కోపం వచ్చినా సరే.