కినెసిస్ ఫ్రీస్టైల్2 కీబోర్డు: మణికట్టుకు మేలే, వేళ్ల సంగతి వేరు

టైపింగ్ వల్ల చేతులు నొప్పెడుతున్నాయని ఎవరితో అన్నా వచ్చే సలహా ఒకటే: ఎర్గోనామిక్ కీబోర్డు కొనుక్కో. ఏ నొప్పికి ఎలాంటి కీబోర్డు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కినెసిస్ కంపెనీ చేసే ఫ్రీస్టైల్2 రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డు. మణికట్టు పక్కకు వంగి ఉండడం వల్లా, అరచెయ్యి గంటల తరబడి బోర్లా ఉండడం వల్లా వచ్చే నొప్పికి ఇది బాగా పనికొస్తుంది. నొప్పి వేళ్ల కొసల్లోనో, కణుపుల్లోనో ఉంటే మాత్రం దీనివల్ల ఒరిగేది తక్కువ. కొనేముందు తేల్చుకోవాల్సింది ఈ ఒక్క విషయమే.

మామూలు కీబోర్డు మీద చేతులు పెట్టి పైనుంచి ఒకసారి చూసుకోండి. భుజాల మధ్య ఎడం ఎక్కువ, ఎఫ్, జె కీల మధ్య ఎడం బాగా తక్కువ. అందుకని ముంజేతులు ఏటవాలుగా లోపలికి వస్తాయి. కీల వరసలు మాత్రం తిన్నగా ఉంటాయి కాబట్టి, వాటికి సరిపోయేలా చెయ్యి మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు వంగుతుంది. రెండోది, అరచెయ్యి పూర్తిగా బోర్లా పడాలంటే ముంజేతిలోని ఒక ఎముక రెండోదాని మీదుగా మెలి తిరగాలి. ఆ మెలికను అలాగే పట్టి ఉంచడానికి కండరాలు విడవకుండా పని చేస్తూనే ఉంటాయి. మూడోది కీబోర్డు వెనక ఉండే మడత కాళ్లు. వాటిని లేపితే మణికట్టు వెనక్కి విరుచుకుంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు మీడియన్ నరం, కార్పల్ టన్నెల్ అనే ఇరుకు దారిలోంచి అరచేతిలోకి వెళ్తాయి. మణికట్టు ఎటు వంగినా ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది.

ఈ మూడింటికీ ఫ్రీస్టైల్2 దగ్గర జవాబుంది. రెండు ముక్కల్నీ పైభాగంలో ఒక చిన్న బంధం కలిపి ఉంచుతుంది. అది ఉన్నప్పుడు ముక్కల్ని విసనకర్రలా కొద్దిగా విప్పుకోవచ్చు. తీసేస్తే ముక్కలు పూర్తిగా విడిపోతాయి, మధ్యలో కేబుల్ మాత్రమే మిగులుతుంది. ఆ కేబుల్ 9 అంగుళాలదా, 20 అంగుళాలదా అన్నది కొనేటప్పుడే తేల్చుకోవాలి. చాలామందికి 9 సరిపోతుంది. భుజాలు బాగా వెడల్పుగా ఉన్నవాళ్లూ, మధ్యలో పుస్తకమో కాగితాలో పెట్టుకుని చూస్తూ టైప్ చేసేవాళ్లూ 20 తీసుకోవడం మంచిది. కీబోర్డు బల్లపరుపుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది, వెనక లేపే కాళ్లు లేనే లేవు. అవి లేకపోవడం లోపం కాదు, సరైన నిర్ణయం.

అరచేతి మెలికను తగ్గించేది మాత్రం కీబోర్డుతో పాటు రాదు. ముక్కల లోపలి అంచుల్ని పైకి లేపడానికి వీఐపీ3 అనే సామగ్రిని విడిగా కొనుక్కోవాలి. దాంతో 5, 10, 15 డిగ్రీల వాలు పెట్టుకోవచ్చు, అరచేతుల కింద మెత్తలూ వస్తాయి. మెత్తలు అక్కర్లేదనుకుంటే వీ3 ఉంది. మా అభిప్రాయంలో వాలు లేని ఫ్రీస్టైల్2 సగం కీబోర్డే. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు రెండూ కలిపే చూడండి.

అమర్చుకోవడంలోనే చాలామంది దెబ్బ తింటారు. పెట్టె విప్పిన రోజే ముక్కల్ని అడుగు దూరం జరిపి, వాలు 15కి పెట్టేసి, మర్నాటికి భుజాలు లాగుతున్నాయని పక్కన పడేస్తారు. మొదలుపెట్టాల్సింది కుర్చీ నుంచి. మోచెయ్యి లంబకోణంలో గానీ, దానికంటే కొంచెం విప్పారి గానీ ఉండాలి. కీలు మోచేతి ఎత్తులో గానీ, కాస్త కిందగా గానీ ఉండాలి. ఆ తర్వాత కీబోర్డు పక్కన పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ముంజేతులు ముందుకు చాచండి. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా నిలువుగా ఉంచి, అక్కడినుంచి మెల్లగా బోర్లా తిప్పుతూ రండి. ఎక్కడ చిన్న బిగువు మొదలవుతుందో అక్కడ ఆగండి. రెండు చూపుడు వేళ్ల మధ్య ఉన్న దూరమే ఎఫ్, జె కీల మధ్య ఉండాల్సిన దూరం. చెయ్యి ఆగిన వాలు మీ చేతికి అనువైన వాలు. అది 15 కంటే ఎక్కువే ఉంటుంది, అంత దాకా ఈ కీబోర్డు వెళ్లదు, అయినా కంగారు పడొద్దు. పూర్తి మెలిక నుంచి 10 డిగ్రీలు తగ్గినా ముంజేతికి తెలుస్తుంది.

మొదటి వారం పైన బంధం తీయకుండా, ముక్కల్ని కొద్దిగా విప్పి, వాలు లేకుండా వాడండి. రెండో వారం బంధం తీసి దూరం జరపండి. ఆ తర్వాతే 5 డిగ్రీలు, చెయ్యి అలవాటు పడ్డాక 10. దూరం, వాలు రెండూ ఒకేసారి మారిస్తే ఇబ్బంది దేనివల్ల వస్తోందో పట్టుకోలేం. వాలు పెంచినకొద్దీ కీల ఎత్తు పెరుగుతుందని మరిచిపోవద్దు. 5 నుంచి 10కి వెళ్లిన రోజే కుర్చీ కూడా కాస్త లేపాలి, పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేసుకోవాలి. లేకపోతే మణికట్టు మళ్లీ వెనక్కి విరుస్తుంది, కొన్న ప్రయోజనం అక్కడితో పోతుంది. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే, టైప్ చేసే భంగిమలో ఉండగా చేతి వెనక ఒక స్కేలు పెట్టించండి. మధ్యవేలి మొదటి కణుపు నుంచి ముంజేతి నడుమ దాకా స్కేలు తిన్నగా ఆనాలి. పక్కకు తప్పుకుంటే ముక్కల కోణం మార్చాలి, మణికట్టు దగ్గర సందు కనిపిస్తే ఎత్తు మార్చాలి.

ముక్కల్ని మరీ దూరం జరపడమూ తప్పే. మోచేతులు ఒంటికి ఎడంగా పోయి, భుజాలు బయటికి తిరుగుతాయి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

వేగం మొదట్లో పడిపోతుంది, ఒకటి రెండు వారాల్లో తిరిగి వస్తుంది. బి కీ ఎడమ ముక్కలో ఉంటుంది. దాన్ని కుడి చూపుడు వేలితో కొట్టే అలవాటున్నవాళ్ల వేలు ఖాళీ టేబుల్ మీద పడుతుంది. చూస్తూ రెండు వేళ్లతో టైప్ చేసేవాళ్లకు ఈ కీబోర్డు మేం చెప్పం. చేతులు ఎలాగూ గాల్లో తిరుగుతుంటాయి కాబట్టి విడదీసిన లాభం వాళ్లకు దక్కదు, వాలు పెడితే అక్షరాలు కనిపించడమూ కష్టం.

ఇక వేళ్లు. ఫ్రీస్టైల్2లో ఉన్నవి మెంబ్రేన్ కీలు, అంటే కింద మెత్తని పొర ఉండేవి. మెత్తగానే ఉంటాయి, చప్పుడు తక్కువ. కానీ మెంబ్రేన్ కీ పూర్తిగా కిందికి దిగితేనే అక్షరం పడుతుంది, అంటే ప్రతి అక్షరానికీ వేలి కొస అడుగును తాకాల్సిందే. బలంగా బాదే అలవాటున్నవాళ్లకు ఆ తాకిడి ఎన్ని ముక్కలు చేసినా తగ్గదు. అలాంటివాళ్లు ఇదే కుటుంబంలోని ఫ్రీస్టైల్ ప్రో చూడాలి. అందులో మెకానికల్ స్విచ్‌లుంటాయి, అంటే ప్రతి కీకీ విడిగా స్ప్రింగున్న స్విచ్. చెర్రీ ఎంఎక్స్ బ్రౌన్ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, అక్షరం మాత్రం 2 మిల్లీమీటర్ల దగ్గరే పడుతుంది. మధ్యలో వేలికి తగిలే చిన్న గుర్తును పట్టుకుని అక్కడితో వదిలేయడం నేర్చుకుంటే అడుగు తాకే పని ఉండదు. ఇది సాధనతో వచ్చేదే, స్విచ్ కొన్నంత మాత్రాన రాదు. అలాగని మరీ తేలికైన స్విచ్‌ల వెంట పడొద్దు. పొరపాటున కీ పడిపోతుందేమోనని వేళ్లను పైకెత్తి పట్టుకుంటారు, వేళ్లను లేపే కండరాలు అలిసిపోయి నొప్పి ముంజేతి పైభాగంలో, మోచేతి బయటి వైపు తేలుతుంది.

చిటికెన వేలిది మరో కథ. షిఫ్ట్, కంట్రోల్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ అన్నీ బలం తక్కువున్న ఆ వేలి మీదే పడతాయి. ఈ విషయంలో ఫ్రీస్టైల్2 చేసిన మంచి పని, ఎడమ చివర కాపీ, పేస్ట్ లాంటి పనులకు విడిగా రెండు నిలువు వరసల కీలు పెట్టడం. చిటికెన వేలు కంట్రోల్ మీద ఆనించి, మిగతా వేళ్లను సాగదీసే అవసరం తప్పుతుంది. చెయ్యి మొత్తం జరిపి ఏ వేలితోనైనా నొక్కొచ్చు. ఇంకో రెండు మార్పులకు పైసా ఖర్చు లేదు. క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోండి. విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత ప్రోగ్రామ్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో, మ్యాక్‌లో కీబోర్డు సెట్టింగుల్లోనే ఇది కుదురుతుంది. కంప్యూటర్‌లో స్టికీ కీస్ అనే సెట్టింగు ఆన్ చేస్తే షిఫ్ట్ నొక్కి వదిలేసి, తర్వాత అక్షరం నొక్కొచ్చు, రెండూ కలిపి పట్టుకోనక్కర్లేదు. నొప్పి బాగా ఉన్న వారాల్లో ఇది నిజంగా ఆదుకుంటుంది.

మెత్తల గురించి ఒక హెచ్చరిక. అవి టైప్ చేస్తూ ఆనించుకోవడానికి కాదు, ఆగినప్పుడు చెయ్యి వాల్చడానికి. వాల్చినప్పుడు కూడా ఆనాల్సింది అరచేతి మడమ, మణికట్టు లోపలి వైపు కాదు. మణికట్టును మెత్తకు అదిమి వేళ్లను మాత్రమే అటూ ఇటూ చాపితే, ఒత్తిడి నేరుగా కార్పల్ టన్నెల్ మీద పడుతుంది, దూరం కీలకోసం చెయ్యి పక్కకూ వంగుతుంది.

నంబర్ ప్యాడ్ లేకపోవడం కొందరికి లోటు అనిపిస్తుంది గానీ, నొప్పి ఉన్నవాళ్లకు అది వరమే. మౌస్ కుడిచేతికి దగ్గరవుతుంది. రెండు ముక్కల మధ్య ఖాళీలో ట్రాక్‌ప్యాడ్ పెట్టుకుంటే భుజం కదపాల్సిన పనే ఉండదు. కీబోర్డు మార్చి మౌస్ పాతదే ఉంచుకుంటే కుడిచేతి మెలిక తగ్గడం సగంలోనే ఆగుతుంది. 57 డిగ్రీల వాలున్న లాజిటెక్ ఎంఎక్స్ వర్టికల్ లాంటి నిలువు మౌస్ దీనికి మంచి జోడీ. ల్యాప్‌టాప్‌కు తగిలించుకునేవాళ్లు తెరను కంటి ఎత్తుకు లేపడం మరవొద్దు.

విరామాల పని ఏ కీబోర్డూ చేయదు. విరామాలు గుర్తుచేసే వర్క్‌రేవ్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. చిన్న విరామాలను గుర్తు చేసేలా పెట్టుకోండి, అది తెర ఆపినప్పుడు చేతులు ఒళ్లో వాల్చండి. ఆ అర నిమిషంలో ఫోన్ పట్టుకుంటే బొటనవేలికి విరామం లేనట్టే.

కొన్ని లక్షణాలు కనిపిస్తే కీబోర్డు కొనడం వాయిదా వేసి డాక్టర్‌ను కలవండి. రాత్రి నిద్రలో బొటన, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారి మెలకువ వస్తుంటే మీడియన్ నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. చిటికెన, ఉంగరం వేళ్లు తిమ్మిరెక్కుతుంటే తేడా ఎక్కువగా మోచేతి దగ్గరే ఉంటుంది. గట్టి కుర్చీ చేతుల మీద మోచెయ్యి ఆనించడం ముందు మానేయాలి. వేలు ముడిస్తే ఇరుక్కుని టక్కున తెరుచుకోవడం, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర పోటు, చేతిలోంచి వస్తువులు జారిపోవడం కూడా చూపించుకోవాల్సినవే.

తీసుకునేవాళ్లు మ్యాక్ వాడితే మ్యాక్ లేఅవుట్ ఉన్నదే అడగండి. కంప్యూటర్‌కు కేబుల్ వద్దనుకునేవాళ్లకు బ్లూటూత్ రకం ఉంది, రెండు ముక్కల మధ్య కేబుల్ మాత్రం అందులోనూ ఉంటుంది. అంకెల పని ఎక్కువైతే విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొని ఎడమవైపు పెట్టుకోండి, కుడివైపు చోటు మౌస్‌కే వదలండి. వాపసు గడువు ఎన్నాళ్లో ముందే చూసుకోండి. కనీసం మూడు వారాలు లేకపోతే 10 డిగ్రీల దాకా వెళ్లి తేల్చుకునే వ్యవధి ఉండదు.