అమ్మ స్నానం, బ్యూరో అటెండెంట్: రెండేళ్లు దాటాక నా అభిప్రాయం

రేట్లు, అడ్వాన్సు, ఆధార్ కాపీలు, పన్నెండు గంటలా ఇరవై నాలుగా అన్నవి హైదరాబాద్‌లో ఇళ్లకు అటెండెంట్లను పంపే ఏ బ్యూరోని అడిగినా కాస్త అటూఇటూగా ఒకేలా చెబుతారు. వాటి జోలికి పోను. డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్న మా అమ్మకు పగటిపూట అటెండెంట్‌ని పెట్టుకుని రెండేళ్లు దాటింది. ఆ అమ్మాయి చేసే పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దది స్నానం.

ఇంట్లో ఈ జబ్బు మనిషి ఉన్నవాళ్లకు ఆ గొడవ తెలుసు. "ఇప్పుడేగా పోసుకున్నా" అంటుంది అమ్మ. కొంగు మీద చెయ్యేస్తే విసిరికొడుతుంది. భయం ముదిరితే చిన్నప్పటి పాతబస్తీ ఉర్దూ బయటికొస్తుంది, "నక్కో, నక్కో" (వద్దు, వద్దు) అని. ఇది మొండితనం కాదు. లోతు, దూరం అంచనా కట్టే శక్తి తగ్గిపోతుంది, మెరిసే టైల్స్ నీళ్లమడుగులా కనిపిస్తాయి, ఎవరో బట్టలు లాగుతున్నారనే అనిపిస్తుంది. అలాంటప్పుడు ఎవరైనా కొడతారు.

ములుగు వైపు నుంచి వచ్చిన ఈ అమ్మాయి మొదట్లో స్నానం మాటే ఎత్తలేదు. అమ్మ తిని కాస్త కుదుటపడ్డాక మధ్యాహ్నం వరండాలో స్టూలేసి కూర్చోబెట్టేది. "పెద్దమ్మా, కాళ్లకు మట్టయింది, కడుక్కుందాం పా" అనేది. ముందు అమ్మ వేళ్లనే నీళ్లలో ముంచి "సరిపోయిందా వేడి?" అని అడిగేది, ఆ తర్వాతే చెంబుతో పాదాల మీద పోసేది. అమ్మ అలవాటు పడ్డాక స్టూల్ బాత్రూంలోకి మారింది, కింద ముదురు రంగు మ్యాట్ వచ్చింది. చీర తీసేముందే భుజాల మీద పెద్ద తువ్వాలు కప్పి, దాని కిందే ఒళ్లు రుద్దేది. పక్కింటి వాళ్లను అడిగి ఉర్దూలో "ఆహిస్తా" (మెల్లగా) అనడం కూడా నేర్చుకుంది. తల చివరికి, అదీ శుక్రవారం మాత్రమే, కుంకుడు రసంతో. ఆ వాసన తగలగానే అమ్మ తనంతట తానే కళ్లు గట్టిగా మూసుకుని తల వంచింది. తలకు పోయనివ్వక ఎన్నాళ్లయిందో. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చేశాను.

జ్వరమొచ్చిన రోజుల్లో దుప్పటి తీయకుండా వేడినీళ్లలో పిండిన తువ్వాళ్లతో ఒళ్లంతా తుడిచేది. 2004లో అమెరికా నర్సింగ్ హోముల్లో ఇలాంటి తువ్వాలు స్నానాన్నీ, మనిషి ఇష్టాన్ని బట్టి చేయించే షవర్ స్నానాన్నీ పరీక్షించి చూశారు. రెండింటితోనూ పెద్దవాళ్ల ఆందోళన, తిరగబడటం బాగా తగ్గాయని తేలింది. ఈ అమ్మాయి వాళ్ల నాయనమ్మకు చేసీ చేసీ నేర్చుకుందట.

ఆ రోజుల్లో అడిగినవాళ్లందరికీ ఈ బ్యూరో నంబరే ఇచ్చాను. ఇప్పుడు ఇచ్చేముందు ఇంకొంచెం చెబుతున్నాను.

2024 ఫిబ్రవరిలో ఆమె మేడారం జాతరకు వెళ్లింది. నెల ముందే చెప్పింది. బ్యూరో బదులు మనిషిని ఆమె వెళ్లిన రోజు పొద్దున పంపింది. వచ్చినామెకు అన్నీ చెప్పాను, కాగితం మీద రాసి గోడకు అంటించాను కూడా. "పది నిమిషాల పని మేడం" అని తలుపు వేసుకుని షవర్ తిప్పేసింది. నేను తలుపు తోసుకుని వెళ్లేసరికి అమ్మ కొళాయి పట్టుకుని వదలడం లేదు. గోరు లేచి నెత్తురు కారుతోంది. ఆ తర్వాత అమ్మ బాత్రూం వైపే రానంది. స్నానం సంగతి అటుంచండి, ఒంటికి రెంటికీ కూడా. బ్యూరోకి ఫోన్ చేస్తే, "పేషెంట్ కోఆపరేట్ చేస్తలేదు మేడం, ఇరవై నాలుగు గంటల ప్యాకేజీ తీసుకోండి" అన్నారు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు.

దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా. ఇంతమంది కోసం మనుషుల్ని పంపుతూ కూడా, స్నానం వద్దన్న మనిషితో ఏం చేయాలో ఒక్క పూట నేర్పి పంపలేరా?

జాతర నుంచి వచ్చాక ఆమె మళ్లీ వరండాలో పాదాల దగ్గరే మొదలుపెట్టింది. కుదురుకోవడానికి వేసవి దాకా పట్టింది. కుంకుడు రసానికి మునుపటిలా తల వంచడం మాత్రం తిరిగి రాలేదు. జబ్బు ముదిరిందో, ఆ రోజు భయమో, నాకు తెలియదు.

ఈ బ్యూరో నుంచి మనిషిని తీసుకోవచ్చా అంటే, మాది కింది పోర్షన్, వరండా ఉంది, నేను ఇంటి నుంచే పనిచేస్తాను, రాత్రిళ్లు తమ్ముడు చూస్తాడు. అందరూ పొద్దున వెళ్లి రాత్రి వచ్చే ఇంటికి ఇదే బ్యూరో సరిపోతుందని చెప్పలేను. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "స్నానం వద్దంటే ఏం చేస్తావమ్మా?" అని వచ్చే మనిషినే అడగండి, ఆఫీసు వాళ్లను కాదు. జాతర రెండేళ్లకోసారి కాబట్టి వచ్చే జాతరకు ఆమె మళ్లీ వెళ్తుంది. బదులు మనిషిని వారం ముందే పంపండి, ఆ వారం జీతం కూడా మేమే ఇస్తాం, పక్కన ఉండి నేర్చుకుంటుంది అని బ్యూరోకి చెప్పాను. చూస్తామన్నారు.