పెన్నుకి ఛార్జింగు అక్కర్లేదు, కవరుతోనే జాగ్రత్త: మూడేళ్ల వాడకం తర్వాత

పెన్నుకి ఛార్జింగు పెట్టక్కర్లేదు. ఈ పదిన్నర అంగుళాల ట్యాబ్ కొన్నది అందుకే. మూడేళ్లు రోజూ బొమ్మలు వేశాక మళ్లీ కొనాల్సి వచ్చినా అందుకే కొంటాను. ప్రాసెసరు, కెమెరా, స్పీకర్ల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి వెళ్లను.

కోనసీమలో తుపాను పట్టిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ట్యాబ్‌ని పవర్ బ్యాంకు మీద నెట్టుకు రావచ్చు. పెన్నుకి కూడా ఛార్జింగు చూసుకోవాలంటేనే విసుగు. ఛార్జింగు పెన్నుల్లో ఎక్కువగా ఉండేది చిన్న లిథియం సెల్లు. నెలల తరబడి ఖాళీగా పడుంటే అది పాడైపోతుంది, దాన్ని విప్పి మార్చడం మన సెల్‌ఫోన్ షాపుల్లో అయ్యే పని కాదు. ఈ ట్యాబ్‌ది ఈఎంఆర్ (విద్యుదయస్కాంత అనునాదం) పెన్ను, ఇందులో సెల్లే లేదు. ఉన్నది రాగితీగ చుట్ట, కెపాసిటరు, అంతే. స్క్రీను కింద పరిచిన బోర్డు అయస్కాంత తరంగాన్ని పంపుతుంది. పెన్నులోని చుట్ట దానికి స్పందించి తిరిగి పలుకుతుంది. ఆ పలుకు ఎక్కడ గట్టిగా వినిపిస్తే మొన అక్కడ ఉన్నట్టు లెక్క. నొక్కేకొద్దీ పలుకులో శ్రుతి కొంచెం మారుతుంది, ట్యాబ్ దాన్ని ఒత్తిడిగా చదువుకుంటుంది. అందుకే నాలుగు నెలలు సొరుగులో పడేసినా, తీసిన క్షణాన గీస్తుంది. బ్లూటూత్ జత చేయడాలు లేవు.

అనుకోకుండా కలిసొచ్చింది ఇంకోటి ఉంది. ఇదే పద్ధతిలో పనిచేసే స్టెడ్లర్ నోరిస్ డిజిటల్ పెన్సిలు కూడా దీనిమీద ఏ సెట్టింగూ లేకుండా గీస్తుంది. నిజం పెన్సిలులా ఆరు పలకలుగా ఉంటుంది కాబట్టి గంటసేపు పట్టుకున్నా వేళ్లు నొప్పెట్టవు. అలాగని ఈఎంఆర్ పేరున్న ప్రతి పెన్నూ ప్రతి ట్యాబ్‌కీ పనికొస్తుందని కాదు. కంప్యూటరుకి తగిలించి గీసే పాత వాకామ్ ఇంట్యుయోస్ పలకల పెన్నులు దీనిమీద పలకవు, వాటి శ్రుతి వేరు.

ఇక మూడేళ్లలో వచ్చిన ఒకే ఒక్క పెద్ద తంటా గురించి. ఇది తెలియక చాలామంది మంచి ట్యాబ్‌ని పాడైందని పక్కన పెట్టేస్తున్నారు కాబట్టి వివరంగా చెప్పాలి.

లక్షణం ఇలా ఉంటుంది. మెలికల ముగ్గు వేస్తున్నారనుకోండి. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. పెన్ను ఎత్తకుండా పొడుగ్గా తిరిగే మెలిక కుడి అంచుకి నాలుగు వేళ్ల దూరంలోకి రాగానే చిన్నగా సొట్టపడుతుంది. చెరిపి మళ్లీ గీసినా అక్కడే సొట్ట. బొమ్మని జరిపినా సొట్ట మాత్రం స్క్రీను మీద అదే చోట ఉంటుంది. మొదట అనుమానం నిబ్బు మీదకి పోతుంది. నిబ్బు మారిస్తే తేడా ఉండదు. తర్వాత యాప్. క్రిటాలోనూ ఐబిస్ పెయింట్‌లోనూ ఒకే సొట్ట. ఆ తర్వాత స్క్రీన్ గార్డు. పీకేసినా అంతే. ట్యాబ్‌ని మొత్తం రీసెట్ చేసినా అంతే. ఒక సర్వీసు సెంటరులో స్క్రీనూ బోర్డూ కలిపి మార్చాలన్నారు.

అసలు కారణం కవరు. మూత తెరవగానే స్క్రీను వెలిగే కవర్లలో అయస్కాంతాలుంటాయి. మూతని వెనక్కి మడిచి బొమ్మ వేస్తే అవి బోర్డుకి సరిగ్గా వెనక వస్తాయి. బోర్డు వెనక ఒక పల్చటి అయస్కాంత కవచం పొర ఉంటుంది. బలమైన అయస్కాంతం ఆనితే ఆ చోట పొర పని తగ్గిపోతుంది, బోర్డు మొన ఉన్న చోటుని ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పుగా లెక్కిస్తుంది. బ్యాటరీ లేని సుఖం ఏ అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చిందో ఈ తంటా కూడా దానివల్లే. ట్యాబ్‌కి ఏ నష్టమూ ఉండదు, కవరు తీయగానే గీత బాగుపడుతుంది.

పరీక్ష చేసే పద్ధతి చెప్తాను. యాప్‌లో గీతని సాఫీ చేసే స్టెబిలైజరుని పూర్తిగా తీసేయండి, లేకపోతే అది సొట్టని సర్దేసి దాచేస్తుంది. బ్రష్షు 3 పిక్సెళ్లు. పిల్లల జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు ఆనించి, సెంటీమీటరుకి ఒకటి చొప్పున ఏటవాలు గీతలు చాలా నెమ్మదిగా గీయండి. స్టీలు స్కేలు వద్దు, లోహం తోడైతే పరీక్షే తప్పుతుంది. ముందు కవరుతో, తర్వాత కవరు తీసేసి. స్క్రీను అంతటా గీత సన్నగా ఒకే తీరున వణుకుతుంటే అది ఈఎంఆర్ స్వభావం, నెమ్మదైన ఏటవాలు గీతల్లో కొంచెం ఉంటుంది. ఒకే చోట విరిగినట్టుంటే అయస్కాంతమే. కవరు మీద గుండుసూది జరుపుకుంటూ పోతే ఎక్కడ అతుక్కుంటుందో అక్కడ ఉందన్నమాట. ట్యాబ్ కింద ఫోనో ల్యాప్‌టాపో పెట్టి గీసినా ఇదే గొడవ, వాటిలోనూ అయస్కాంతాలుంటాయి.

అందుకని గీసేటప్పుడు కవరు తీసేసి, పరీక్షలకి పిల్లలు పట్టుకెళ్లే చెక్క అట్ట మీద ట్యాబ్ పెట్టుకోవడం మేలు. ఇనప క్లిప్పు ట్యాబ్ అంచుకి అవతల ఉండాలి. అట్ట కింద రెండు పుస్తకాలు పెడితే వాలు సరిపోతుంది, మెడ కూడా నొప్పెట్టదు.

పెన్ను గురించి పైన అన్న మాటకి ఇక్కడ కొంత సవరణ చెప్పాలి. ఛార్జింగు ఖర్చు లేదుగానీ నిబ్బు ఖర్చుంది. గాజు మీద ప్లాస్టిక్ నిబ్బు జారుతుందని మ్యాట్ గార్డు వేయిస్తాం. కాగితం మీద గీసినట్టే ఉంటుంది, గీత లావు సన్నాలు చక్కగా చేతికొస్తాయి. నరసాపురంలో పుట్టిన బాపు గీతని చూస్తూ పెరిగిన ప్రాంతం మాది, ఇక్కడ బొమ్మంటే ముందు గీతే చూస్తారు. కానీ ఆ గరుకు నిబ్బుని అరగదీస్తుంది. నునుపు గాజు మీద ఏడాది పైన వచ్చే నిబ్బు, రోజుకి రెండు గంటల పనికి మ్యాట్ గార్డు మీద మూడు నెలలు దాటలేదు. ఒక పక్కే అరిగి అంచు పదునెక్కితే గార్డు మీద గాట్లు పడతాయి. వారానికోసారి పెన్నుని చేతిలో పావు వంతు తిప్పి పట్టుకుంటే అరుగుదల సమంగా ఉంటుంది. మార్చేటప్పుడు చిమటాతో నిటారుగా లాగాలి, వంచి లాగితే లోపలే విరుగుతుంది.

ఎండాకాలం చెమట ఇంకో సమస్య. పెన్నుకి చెమటతో పనిలేదు, తడబడేది వేలి స్పర్శే. తడి అరచేయి ఆనితే కాన్వాసు దానంతటదే జరగడం, అడ్డగీతలు పడడం జరుగుతాయి. యాప్‌లో వేలితో గీయడం ఆపేసి, అరచేతి కింద పొడి పాత పంచె గుడ్డ ముక్క వేసుకోవాలి. గుడ్డ తడిసిందంటే మార్చాలి, తడిగుడ్డని కూడా స్క్రీను వేలనే అనుకుంటుంది. నాసిరకం ఛార్జరు పెట్టి గీస్తే పొడిచేతికి కూడా జూమ్ ఇలాగే ఎగిరిపడుతుంది. మధ్యాహ్నం కాలవ గట్టు మీద కూర్చుని గీద్దామంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే. ఎండలో స్క్రీను కనబడదు, వేడెక్కితే వెలుగు ఇంకా తగ్గించేస్తుంది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (పెద్ద పడవ) మీద గోదావరి దాటే పొద్దున ఏడు గంటల వెలుతురుకి ఇబ్బంది లేదు.

రంగుల్లో ఒక్క హెచ్చరిక. ఆకుమడి లేతపచ్చ స్క్రీను మీద ఎంత మెరుస్తుందో ప్రింటులో అంత వెలవెలబోతుంది. ఆ పచ్చ అచ్చుకి వాడే నాలుగు సిరాలకి (సీఎంవైకే) అందదు. అచ్చుకి వెళ్లే బొమ్మైతే క్రిటాలో మొదటినుంచీ సీఎంవైకే కాన్వాసు తీసుకోవడం మంచిది. ఏ4 సైజు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెళ్లు. సీఎంవైకేలో నిండు లేయరు (పొర) ఒక్కోటి సుమారు 43 ఎంబీ తింటుంది. 4 జీబీ ర్యామ్‌లో ఇరవై లేయర్లు దాటాక బ్రష్షు వెనకబడుతుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీని 72 డీపీఐలో వేస్తే 5184 × 3456, దానికి పదిలోపు లేయర్లతో సరిపెట్టుకోవాలి.

కాబట్టి గీతలు, ముగ్గులు, లేసు డిజైన్లు, పిల్లల పుస్తకాల బొమ్మలు నా పనిలాగే మీ పనీ అయితే ఈ ట్యాబ్ చాలు. నూనె రంగుల చిత్రంలా పొరలు పొరలుగా వేసేవాళ్లకి 8 జీబీ ఉన్నది కావాలి. బస్సులోనో ఒళ్లోనో పెట్టుకుని గీసేవాళ్లకి మాత్రం గట్టిగా చెప్పలేను, వాళ్లకి మడిచే కవరు లేకుండా గడవదు. షాపులో కవరు కొనేముందు అక్కడే మూత వెనక్కి మడిచి, డెమో ట్యాబ్ మీద నాలుగు ఏటవాలు గీతలు గీసి చూడండి. గుండుసూది కూడా జేబులో వేసుకెళ్లండి.