టైర్ల సైజు పెంచాక నాలుగేళ్లు: నా ఏబీఎస్ అనుభవం

నా కారుకు కంపెనీ ఇచ్చిన టైర్లు 205/55 ఆర్16 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు). స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ కింద గీసుకుంటోందని నాలుగేళ్ల కిందట 215/60 ఆర్16కి మారాను. టైరు వ్యాసం 632 మిల్లీమీటర్ల నుంచి 664కి పెరిగింది. అందులో సగం, అంటే 16 మిల్లీమీటర్లు, కారు పైకి లేచింది. గీసుకోవడం ఆగింది. కొత్త తలనొప్పులు మొదలయ్యాయి.

మొదటిది నా కక్కుర్తి వల్ల వచ్చిందే. ముందు టైర్లే బాగా అరిగాయి కదా అని ఆ రెండే మార్చాను, వెనకవి పాతవే ఉంచాను. చుట్టుపక్కల తిరిగినన్నాళ్లూ ఏమీ తెలియలేదు. ఓ రోజు హైవే మీద అరగంట ఒకే వేగంతో పోయేసరికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు, ట్రాక్షన్ కంట్రోల్ (వేగం పెంచేటప్పుడు చక్రాలు జారకుండా చూసేది) లైటు రెండూ వెలిగాయి. సెన్సర్ పాడైందేమోనని విప్పించాను, తుడిపించాను, చివరికి ఒకటి మార్పించాను కూడా. మర్నాడు హైవే ఎక్కితే మళ్లీ అదే.

అసలు సంగతి ఏంటంటే, టైరు ఎంత పెద్దదో ఏబీఎస్‌కి తెలియదు. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) దగ్గరుండే రింగు ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ చెబుతుంది, అంతే. నాలుగు చక్రాల లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని, ఏది వెనకబడుతోందో చూసుకుంటుంది. నా ముందు టైర్లు 5 శాతం పెద్దవి కాబట్టి దాదాపు అంతే నెమ్మదిగా తిరుగుతున్నాయి. బ్రేకు తొక్కితే అవి అప్పటికే జారుతున్నాయనుకుని ఒత్తిడి తొందరపడి వదిలేస్తుంది. టైరుకు గట్టి పట్టు దొరికేది సుమారు 10 నుంచి 20 శాతం జారుడులో, అంటే కారు వేగం కన్నా చక్రం అంత నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు. అందులో 5 శాతం లేని జారుడు ఖాతాలో పోతే ఎంత నష్టమో చూడండి.

మరి టైరు అరిగితే కూడా వ్యాసం తగ్గుతుంది కదా అని నాకూ అనుమానం వచ్చింది. 8 మిల్లీమీటర్ల గాడి 1.6కి అరిగితే ఈ సైజులో తగ్గేది 2 శాతమే. ఆ మాత్రం తేడాకు సర్దుకుపోతుంది. నా 5 శాతానికి సర్దుకోలేదు.

వెనకవి కూడా మార్చి నాలుగూ ఒకటే సైజు చేశాక లైట్లు ఆరిపోయాయి, మళ్లీ వెలగలేదు. వాన రోడ్డు మీద రెండుసార్లు గట్టిగా తొక్కాల్సి వచ్చింది, బండి పక్కకు లాగకుండా ఆగింది. పెడల్ మాత్రం మునుపటిలా లేదు. డిస్కు, ప్యాడ్లు పాతవే, చక్రం పెద్దది. అదే బలంతో తొక్కితే నేల దగ్గర పనిచేసే బ్రేకు సుమారు 5 శాతం తక్కువ. పైగా టైరు బరువు పెరిగింది. కంకర మీద ఏబీఎస్ పనిచేసేటప్పుడు కాలి కింద కొట్టుకోవడం కాస్త మొరటుగా అనిపించేది. ఒత్తిడి వదిలాక బరువైన చక్రం మళ్లీ వేగం అందుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుందని నా అంచనా.

స్పీడోమీటర్ సంగతి సరేసరి. ముందు అది 100 చూపిస్తే జీపీఎస్‌లో 96 ఉండేది, తర్వాత 101. ఓడోమీటర్ 40,000 చూపించేటప్పటికి కారు తిరిగింది 42,000 కిలోమీటర్లు. సర్వీసుకు ఆ తేడా కలుపుకుని వెళ్లేవాణ్ని.

స్టెప్నీ మార్చడం మర్చిపోయాను! ముందు చక్రం పంక్చరైన రోజు పాత సైజు స్టెప్నీ వేయాల్సి వచ్చింది. నాది ముందు చక్రాలు లాగే కారు. ఆ రెండూ వేర్వేరు సైజులైతే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఆగకుండా పనిచేస్తూనే ఉండాలి. అందుకే వెనక టైరొకటి ముందుకు తెచ్చి, స్టెప్నీని వెనక బిగించాను. ఎండలో జాకీ రెండుసార్లు ఎత్తాను. అయినా పది నిమిషాల్లో ఏబీఎస్ లైటు పలకరించింది. అది వెలిగిందంటే మామూలు బ్రేకులున్నాయి గానీ ఏబీఎస్ లేదని లెక్క, ఇంటిదాకా నెమ్మదిగా వచ్చాను.

పోయిన నెల ఆ టైర్లు కూడా అరిగిపోయాయి. ఈసారి 205/55 ఆర్16 నాలుగూ ఒకేసారి వేయించాను. పెడల్ మళ్లీ పాతదే అనిపిస్తోంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర గీసుకుంటోంది, అడ్డంగా తిప్పి ఎక్కిస్తున్నాను.