ఇంటికి పది మంది భోజనానికి వస్తే: అంట్లు ఎప్పటికప్పుడు కడగడం మేలా, తెల్లారి చూసుకోవడం మేలా?

బెంగళూరులో ఈమధ్య కట్టిన ఫ్లాట్లలో చాలావాటికి వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉండదు. ఓ గ్రానైటు గట్టు, దాని ముందు రెండు ఎత్తు స్టూళ్లు, అంతే. ఊళ్లో అయితే అంట్లన్నీ పెరట్లో పంపు దగ్గర పడేసి తలుపు వేసుకోవచ్చు. ఇక్కడ సోఫాలో కూర్చున్న పెద్దమ్మగారికి సింకు కనిపిస్తూనే ఉంటుంది, అందులో తేలుతున్న చింతపండు పిప్పితో సహా. అందుకే మారతహళ్లిలోనో సర్జాపూర్ రోడ్డులోనో శనివారం రాత్రి పది మందిని పిలిచే తెలుగింట్లో మెనూ తేలాక వచ్చే వాదన ఇదే: గిన్నెలు ఎప్పుడు కడగాలి?

ఇందులో రెండు వర్గాలు. "వండుతూనే కడిగేసుకోవాలి" అనేది ఒకటి. "వచ్చినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడకుండా ఆ సింకు దగ్గర నిలబడతావేంటి, పొద్దున పనిచేసే అక్క వస్తుందిగా" అనేది రెండోది. రెండింట్లోనూ న్యాయం ఉంది. నా ఓటు మాత్రం మొదటిదానికే, అదీ కాలింగ్ బెల్ మోగేవరకే. బెల్ మోగాక రెండోవాళ్లు చెప్పిందే సరి.

ఎందుకంటే, అంట్లన్నీ ఒకే రకం కావు. వండిన గిన్నెలు వేరు, తిన్న గిన్నెలు వేరు. పది మందికి కంచం, గ్లాసు, పెరుగు గిన్నె, స్వీటు గిన్నె, రెండేసి స్పూన్లు లెక్కేసుకున్నా అరవై శాల్తీలు. చూడ్డానికి గుట్ట, కడగడానికి తేలిక. ఎంగిలి తీసేస్తే సగం పని అయినట్టే. అసలు ప్రాణం తీసేవి వండిన గిన్నెలు. కుక్కరు, బాణలి, మిక్సీ జార్లు, గారెల పిండి రుబ్బిన గిన్నె, అడుగంటిన పాల తపేలా. సంఖ్యలో తక్కువే కానీ సింకును మింగేస్తాయి. అవి సింకులో ఉండగా అన్నం గంజి వార్చడానికి చోటుండదు, చెయ్యి కడుక్కోవడానికి చోటుండదు, కొత్తిమీర కడగాలన్నా ఒక్కో తపేలా పక్కకు జరపాలి. సింకులో పట్టనివి గట్టెక్కుతాయి, గట్టు మీద పట్టనివి పొయ్యి పక్కకు చేరతాయి. వంటిల్లు మురికిగా కనిపించడం అక్కడ మొదలవుతుంది.

కాబట్టి అతిథులు వచ్చేసరికి సింకు ఖాళీగా ఉండాలి. ఈ ఒక్కటీ చేస్తే మిగతావి ఎలా ఉన్నా ఇల్లు సర్దినట్టే కనిపిస్తుంది.

ఎప్పటికప్పుడు కడగడం అంటే గరిట వదిలేసి సబ్బు పట్టుకోవడం కాదు. పప్పుకి మూడు విజిళ్లు రావాలి, ఉల్లిపాయ వేగాలి, చారు మరగాలి. ఆ మధ్య ఖాళీల్లో రెండేసి గిన్నెలు తేలిపోతాయి. మిక్సీ జారు సంగతే చూడండి. కొబ్బరి పచ్చడి తీసిన వెంటనే అరగ్లాసు నీళ్లు, ఒక చుక్క లిక్విడ్ వేసి మూత పెట్టి ఒక్కసారి తిప్పితే బ్లేడు కింద ఇరుక్కున్నదంతా వచ్చేస్తుంది. అదే జారు రాత్రి పదకొండింటికి చూస్తే బ్లేడు చుట్టూ కొబ్బరి ఎండి తెల్లటి కట్టు కట్టి ఉంటుంది, పాత టూత్‌బ్రష్ తెచ్చుకోవాల్సిందే.

నానబెట్టడంలోనూ తేడా ఉంది. నెయ్యి, నూనె పట్టిన గిన్నెకి వేడినీళ్లు. పిండి, గుడ్డు, పాలు అంటినవాటికి మొదట చన్నీళ్లే పోయాలి. వేడి తగిలితే పిండి జిగురై, గుడ్డూ పాలూ గట్టిపడి గిన్నెకు ఇంకా పట్టుకుంటాయి. గారెల పిండి గిన్నెలో మరిగే నీళ్లు పోసి "నానుతోందిలే" అనుకునేవాళ్లు ఎంతమందో.

చికెన్ ఉంటే అన్నిటికంటే ముందు దాని పని చూడాలి. మనవాళ్లు పసుపూ ఉప్పూ వేసి కడగందే చికెన్ పొయ్యెక్కించరు. కడగనక్కర్లేదని, కుళాయి కింద పెడితే క్రిములు చుట్టూ చిమ్ముతాయని ఆహార భద్రత నిపుణులు చెబుతున్నా మన చేయి ఊరుకోదు. కనీసం కుళాయి ధార కింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ వెంటనే సింకునీ గట్టునీ సబ్బుతో రుద్దేసి, ఆ తర్వాతే కూరగాయలు ముట్టుకోవాలి. మ్యారినేట్ చేసేది ఉంటే పొద్దునే చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే సాయంత్రం ఈ తలనొప్పి ఉండదు.

మెనూ దగ్గరే సగం తేలిపోతుంది

అంట్ల గురించి వాదించుకునే ముందు మెనూ చూసుకోవాలి. వేడివేడిగా వేయాల్సినవి ఎన్ని ఉంటే వంటిల్లు అంత పాడవుతుంది. గారెలు, మిరపకాయ బజ్జీలు, అప్పడాలు, చేపల వేపుడు, ఇవన్నీ ఒకే రాత్రి పెట్టుకుంటే చిమ్నీ ఎంత పెద్దదైనా పొయ్యి చుట్టూ నూనె జిడ్డు తప్పదు, నేల మీద శనగపిండి చుక్కలూ తప్పవు. పులిహోర, గుత్తి వంకాయ, గోంగూర మటన్, పప్పుచారు అలా కాదు. మధ్యాహ్నమే అయిపోతాయి, నిలవున్నకొద్దీ రుచి పెరిగేవే ఎక్కువ. నా లెక్కలో అతిథులు కూర్చున్నాక పొయ్యి మీద ఉండాల్సింది ఒక్క ఐటమే. అది గారెలైతే బజ్జీలు ఇంకోసారి.

బిర్యానీ బయటినుంచి తెప్పించుకోవడం తప్పేమీ కాదు. బెంగళూరులో ఆంధ్రా భోజనం దొరకని పేటే లేదు, మారతహళ్లిలో అయితే కర్రీ పాయింట్లకు కొదవ లేదు. హండీ అడుగున మాడు గీకే పని తప్పుతుంది. కాకపోతే ఆర్డరు చేస్తే చెత్త లేదనుకోవద్దు. ప్లాస్టిక్ డబ్బాలు, సాలన్ పొట్లాలు, రైతా కప్పులు గట్టు నిండా పరుచుకుంటాయి. జిడ్డు డబ్బాలు కడిగితేగానీ పొడి చెత్తలో వేయడానికి పనికిరావు. అంటే అక్కడా కడగడమే. ఇంటి నుంచి పెద్ద గిన్నెలు తీసుకెళ్లి తెచ్చుకోగలిగితే అది వేరే మాట.

వేయించిన నూనె సింకులో పోయకండి. వేడిగా ఉన్నప్పుడు జారిపోతుంది, పైపులో చల్లారాక గోడలకు పట్టేస్తుంది, దానికి అన్నం మెతుకులు తోడవుతాయి. ఇక ప్లంబరే దిక్కు. చల్లారనిచ్చి సీసాలో పోయండి, బాణలిని పాత న్యూస్‌పేపరుతో తుడిచి ఆ తర్వాత కడగండి.

కంచాలా, ఆకులా, పేపరు ప్లేట్లా?

"యూజ్ అండ్ త్రో తెచ్చేస్తే గొడవే ఉండదు కదా" అని ఎవరో ఒకరు అంటారు. కర్ణాటకలో 2016 మార్చి నుంచే ప్లాస్టిక్, థర్మోకోల్ ప్లేట్లు, కప్పులు నిషేధం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లూ గ్లాసులూ స్పూన్లూ దేశమంతా నిషేధం. మిగిలినవి పేపరు ప్లేట్లు. తడి తగలకుండా లోపల ప్లాస్టిక్ పొర వేసినవాటితోనే చిక్కు. ఎంగిలి పడ్డాక అవి తడి చెత్త కావు, పొడి చెత్తా కావు. నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి గానీ తడి, పొడి వేరు చేసి ఇవ్వాలన్న నియమం మారలేదు. పప్పుచారు పోస్తే పేపరు ప్లేటు మెత్తబడి ఒళ్లో వాలిపోవడం మరో ముచ్చట.

పోకచెట్టు పట్టతో చేసే ప్లేట్లు గట్టివి, చూడ్డానికీ బాగుంటాయి, కర్ణాటకలో బాగా తయారవుతాయి. అయితే 2025 మేలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆ పట్టలోని సహజ రసాయనాలు ఆహారంలోకి దిగవచ్చంటూ, వాటిని భోజనానికి వాడే వస్తువులుగా తమ దేశంలో అమ్మడానికి అనుమతి లేదని చెప్పింది. ఏడాదికి ఒకట్రెండు సార్లు వాడేవాళ్లు కంగారు పడాలా అంటే నేను పడను. కానీ వేడి చారు అందులో పోయను.

మోదుగాకు విస్తళ్లు గాంధీ బజార్ వైపు పూజా సామాను కొట్లలో 'ముత్తుగద ఎలె' అని అడిగితే ఇస్తారు. పులిహోర, దద్దోజనం, పొడి కూరలకు భేషుగ్గా ఉంటాయి. చారు, మజ్జిగ పోశారంటే కుట్ల సందుల్లోంచి టేబుల్ మీదకే.

అరిటాకు వేస్తే కంచాలు కడిగే పనే లేదు, ఆకు నేరుగా తడి చెత్తలోకి. కె.ఆర్. మార్కెట్లో, మల్లేశ్వరం మార్కెట్లో ఎప్పుడూ దొరుకుతుంది. చిక్కేమిటంటే అందరూ ఒకేసారి బల్ల ముందు కూర్చోవాలి, ఎవరో ఒకరు వడ్డించాలి. నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్‌తో పది మందికి కుదరదు. బఫేలో ఆకు చేత్తో పట్టుకుని నిలబడలేరు.

మరి స్టీలు కంచమా, ఆకా అంటే రెండూ కలిపేదే మేలు. అరిటాకును కంచం సైజుకి గుండ్రంగా కత్తిరించి కంచంలో పరిచేయడం. పెళ్లిళ్లలో చూసే ఉంటారు. నిలబడి తిన్నా, సోఫాలో కూర్చుని తిన్నా పట్టుకోవడానికి కంచం ఉంటుంది. తిన్నాక ఆకు మడిచి చెత్తబుట్టలో వేస్తే కింద కంచానికి అంటేది చారెడు చారు. అరవై శాల్తీల్లో పది కంచాలకు పీచు పట్టుకునే పని తప్పింది. ఆకుని మధ్యాహ్నమే తుడిచి, కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకోండి. స్టవ్ సెగ మీద ఒక్క క్షణం తిప్పితే మెత్తబడి చిరగకుండా కంచంలో కూర్చుంటుంది. పింగాణీ సెట్టు షోకేసులోనే ఉండనివ్వండి. బరువు, ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచులు పెచ్చులూడతాయి.

తిన్నాక ఏం చేయాలి?

ఇక్కడ రెండోవర్గం మాట వినాలి. అతిథులు హాల్లో ఉండగా ఇంటావిడ అంట్లు తోముతుంటే వాళ్లకు ముళ్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది. కంచాలు కనబడకుండా పోతే చాలు. డిష్‌వాషర్ ఉన్నవాళ్లు దాన్ని కడిగే యంత్రంగా కంటే దాచే అల్మారాగా చూస్తే బాగా పనికొస్తుంది. సాయంత్రానికల్లా ఖాళీ చేసి పెట్టుకోవాలి, తిన్న కంచం తిన్నట్టు అందులోకి. నిండాక రాత్రి స్విచ్ వేస్తే ఎకో మోడ్‌లో సుమారు పది లీటర్లతో అయిపోతుంది. ఎరేటర్ (ధారను తగ్గించే జాలీ మూతి) లేని కుళాయి పూర్తిగా తిప్పితే ఆ పది లీటర్లు దాదాపు నిమిషంలో పోతాయి. 2024 వేసవిలో బెంగళూరు నీటి కష్టం చూసినవాళ్లకి, కుళాయిలకు ఎరేటర్లు పెట్టించమని నీటి బోర్డు చెప్పిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. బోరు నీళ్లయితే డిష్‌వాషర్ ఉప్పు వేయకపోతే గ్లాసుల మీద తెల్లటి మరకలు వస్తాయి. పెద్ద బాణలి, బిర్యానీ హండీ మాత్రం దాంట్లో దూరవు, దూర్చినా మిగతావాటికి చోటుండదు.

డిష్‌వాషర్ లేకపోతే బట్టల టబ్బు. బెంగళూరు ఫ్లాట్లలో వంటింటి పక్కన యుటిలిటీ (బట్టలు ఉతుక్కునే చోటు) ఉంటుందిగా, అక్కడ పెద్ద టబ్బులో సబ్బునీళ్లు పోసి ఉంచండి. కంచాలన్నీ అందులో మునిగాయంటే హాల్లోంచి కనిపించవు, ఎండవు, పొద్దున పీచు తగిలిస్తే చాలు. చెంచాలు విడిగా ఒక మగ్గులో వేయాలి, లేకపోతే టబ్బు అడుగున వెతుక్కోవాలి.

తెల్లారేదాకా ఆగకూడనివి రెండు. ఒకటి మిగిలిన వంట. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు బాగా పెరుగుతాయి, కాబట్టి దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మధ్యాహ్నమే వండి పెట్టుకున్న మటన్‌కీ ఇదే లెక్క. అన్నం, చికెన్ విషయంలో మరీ పట్టింపుగా ఉండాలి. కూర తపేలాతో పెట్టేస్తే లోపల చల్లారడానికి గంటలు పడుతుంది, లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దాలి. రెండోది సింకు జాలీలో మెతుకులు, గట్టు మీద చిందిన పాకం. ఆ రెండూ తుడిచి చెత్తబుట్ట మూత పెట్టేస్తే బొద్దింకలకు విందు ఉండదు.

ఇక "పొద్దున అక్క వస్తుంది" అనే ధీమా. శనివారం పార్టీ, ఆదివారం ఆమెకి సెలవు కాదు కదా? ముందురోజే "రేపు పది మంది వస్తున్నారక్కా, అంట్లు ఎక్కువుంటాయి, ఆదివారం వస్తావా" అని అడగాలి. విడిగా ఎంత ఇస్తారో కూడా అప్పుడే చెప్పాలి. చెప్పకుండా మూడింతల గుట్ట ముందు నిలబెడితే ఆమె సోమవారం రాకపోయినా ఆశ్చర్యపోకండి. ఇలా అడగడం కుదరని ఇంట్లో, రాత్రే కడుక్కోవడం మేలు. ఇద్దరుంటే ఒకరు తోమి ఒకరు కడిగితే అరగంట పని.

వచ్చిన వాళ్లలో ఒకరైనా "జరుగు వదినా, నేను కడిగేస్తా" అని కొంగు బిగించి సింకు దగ్గరకు వస్తారు. కడగడం వద్దనండి, గుడ్డ ఇచ్చి గ్లాసులు తుడవమనండి. ఏ గ్లాసు ఏ అరలో పెట్టాలో అడుగుతూ ఆవిడా, చెబుతూ మీరూ, కబుర్లన్నీ అక్కడే అయిపోతాయి.