ఫెన్వేనా, రిగ్లీనా? ఫ్రెండ్స్‌తో వెళ్తే ఏది మేలు

ఎండాకాలం మొదలైతే చాలు, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. లాంగ్ వీకెండ్‌కి నలుగురం కారులో బయల్దేరుతున్నాం, దారిలో ఒక పాత బేస్‌బాల్ స్టేడియం కూడా చూద్దామనుకుంటున్నాం, బోస్టన్‌లో ఫెన్వే పార్క్ మంచిదా, షికాగోలో రిగ్లీ ఫీల్డ్ మంచిదా అని. న్యూజెర్సీ, కనెక్టికట్ వాళ్లకు మొదటిది దగ్గర. మిల్వాకీ, ఇండియానాపొలిస్ వాళ్లకు రెండోది. దూరం ఒక్కటే లెక్కయితే అడగాల్సిన పనే లేదు. ఎటైనా సరే అనుకునేవాళ్ల కోసమే ఇది.

వయసు చూసి తేల్చడం కుదరదు. ఫెన్వే 1912 ఏప్రిల్‌లో మొదలైంది, రిగ్లీ 1914లో. మేజర్ లీగ్ జట్లు ఇప్పుడు ఆడుతున్న సొంత మైదానాల్లో ఇవి రెండే అన్నిటికన్నా పాతవి. ఏళ్లతరబడి గెలవకపోవడానికి శాపమే కారణమనే కథలూ రెండింటికీ ఉన్నాయి. స్టార్ ఆటగాడు బేబ్ రూత్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేసుకున్న ఫెన్వే జట్టు రెడ్ సాక్స్, 1918 తర్వాత మళ్లీ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది 2004లోనే. రిగ్లీ జట్టు కబ్స్ అయితే 1908 నుంచి 2016 దాకా, 108 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

కట్టడం వరకే చూస్తే నేను ఫెన్వేకే ఓటేస్తాను. లెఫ్ట్ ఫీల్డ్‌లో గోడ బ్యాటర్‌కి 310 అడుగుల దూరంలోనే ఉంటుంది, కానీ ఎత్తు 37 అడుగులు. అదే గ్రీన్ మాన్‌స్టర్. వేరేచోట క్యాచ్ అయిపోయే లాఫ్టెడ్ షాట్ ఇక్కడ గోడకి తగిలి డబుల్, అంటే బ్యాటర్ రెండో బేస్ దాకా పరిగెత్తే షాట్, అవుతుంది. వేరేచోట నేరుగా హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అయ్యే బుల్లెట్ లాంటి షాట్, ఇక్కడ గోడ మధ్యలో కొట్టుకుని ఒక్క బేస్‌కే ఆగిపోతుంది. క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి, బౌండరీ ఆటని ఎంత మార్చేస్తుందో పది నిమిషాల్లో అర్థమైపోతుంది. ఆ గోడ కిందే స్కోర్‌బోర్డు, ఇప్పటికీ చేత్తో అంకెలు మార్చేదే. కుడివైపు బ్లీచర్స్‌లో, అంటే పైకప్పు లేని సీట్లలో, ఆకుపచ్చ సీట్ల నడుమ ఒకే ఒక్క ఎర్ర సీటు కనిపిస్తుంది. 1946లో రెడ్ సాక్స్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ కొట్టిన 502 అడుగుల హోమ్ రన్ పడింది అక్కడే. ఆ రోజు అక్కడ కూర్చున్నాయన గడ్డి టోపీకి చిల్లు పడింది. బ్యాటర్ నిలబడే చోటు నుంచి ఆ సీటు వైపు చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఇంత చెప్పి కూడా, ఫ్రెండ్స్‌తో అయితే రిగ్లీకే వెళ్లమంటాను. కారణం సీట్లు.

నలుగురైదుగురు కలిసి బేస్‌బాల్‌కి వెళ్లేది ఆట కోసం సగం, కబుర్ల కోసం సగం. పిచ్చర్ బంతి విసరడానికి టైము పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆట రెండున్నర గంటల పైచిలుకులో అయిపోతున్నా, మధ్యలో ఖాళీకి కొదవ లేదు. పక్కపక్కన కూర్చుంటేనే ఆ ఖాళీకి అర్థం. ఫెన్వేలో అది కాస్త కష్టం. పాత గ్రాండ్‌స్టాండ్‌లో చెక్క కుర్చీలు ఇరుకు, మోకాళ్లు ముందు సీటుకి తగులుతాయి. కుడివైపు చివరి సెక్షన్లలో కుర్చీలు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వైపు కాకుండా సెంటర్ ఫీల్డ్ వైపు తిరిగి ఉంటాయి, ఆటంతా మెడ తిప్పుకునే చూడాలి. పైకప్పు మోసే స్తంభాలు సరేసరి. పిచ్చర్ కనిపిస్తే బ్యాటర్ కనిపించడు. టికెట్ కొనేటప్పుడు 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అన్న ముక్క చూడకుండా డబ్బు కట్టేయకండి. ఐదు సీట్లు వరసగా, అదీ మంచిచోట కావాలంటే జేబుకి చిల్లే.

రిగ్లీలోనూ స్తంభాలున్నాయి, కానీ అక్కడ బ్లీచర్స్ ఉన్నాయిగా. సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్లది ముందు వరస. గేట్లు తెరిచేసరికి అక్కడుంటే ఎంతమందైనా ఒకేచోట కూర్చోవచ్చు. ప్రతి గ్యాంగులోనూ 'ఐదు నిమిషాల్లో వచ్చేస్తున్నా' అనే ఒకడుంటాడు, వాడిని మాత్రం ముందురోజు రాత్రే బెదిరించాలి. బెంచీలకి వెనక ఆనుకోవడానికేం ఉండదు, నీడ అసలే ఉండదు. టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా వెళ్లొద్దు. ప్రత్యర్థి కొట్టిన హోమ్ రన్ బంతి మీ చేతికి చిక్కితే దాచుకోవడానికి లేదు, తిరిగి మైదానంలోకి విసిరేదాకా చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరు.

మీరు కూర్చునే బ్లీచర్స్ కిందే 1937లో నాటిన ఐవీ తీగ అల్లుకున్న ఇటుక గోడ. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుపోతే ఫీల్డర్ వెతకడు, రెండు చేతులూ పైకెత్తేస్తాడు. అంపైర్ రెండు బేసులు ఇచ్చేస్తాడు. ఎదురింటి కాంపౌండ్‌లో బంతి పడితే ఇన్ని పరుగులని ముందే ఒప్పందం పెట్టుకున్న గల్లీ క్రికెట్టే గుర్తొస్తుంది. ఫీల్డర్ తొందరపడి చెయ్యి పెట్టి వెతికాడా, ఆ అవకాశం పోయినట్టే, బంతి దొరికి తీరాలి. ఏప్రిల్‌లో వెళ్తే మాత్రం గోడ మీద ఎండు తీగలే కనిపిస్తాయి. పచ్చదనం చూడాలంటే మే చివరిదాకా ఆగండి.

రోడ్ ట్రిప్ వాళ్లకి రిగ్లీలో ఇంకో సుఖం, మధ్యాహ్నం ఆటలు. 1988 ఆగస్టు దాకా అక్కడ ఫ్లడ్ లైట్లే లేవు. ఇప్పటికీ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కోసం నగరం రాత్రి ఆటలకి పరిమితి పెట్టింది. అందుకే వారం మధ్యలో కూడా 1:20కి మొదలయ్యే ఆటలు దొరుకుతాయి. నాలుగున్నరకల్లా బయటపడి మన హోటళ్లుండే డెవాన్ ఎవెన్యూకి వెళ్లి దోసెలు తినొచ్చు, లేదా చీకటి పడకముందే ఇంకో నూరు మైళ్లు లాగించేయొచ్చు. ఫెన్వేలో వీకెండ్ తప్పిస్తే ఎక్కువగా రాత్రి ఆటలే.

కారు విషయంలో రెండూ ఒకటే, స్టేడియం పక్కన పార్కింగ్ అంటే డబ్బు పారేసుకోవడమే. బోస్టన్‌లో రివర్‌సైడ్ స్టేషన్లో కారు పెట్టి గ్రీన్ లైన్ ఎక్కండి, కెన్‌మోర్‌లో దిగితే నాలుగడుగులు. షికాగోలో హోవర్డ్ దగ్గర పెట్టి రెడ్ లైన్లో అడిసన్‌లో దిగితే స్టేడియం ఎదురుగానే ఉంటుంది. బ్యాగుల మీద ఆంక్షలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, ముందురోజు క్లబ్ సైట్లో చూసుకోండి.

మీ తారీఖులకి జట్టు ఊళ్లో లేకపోతే లెక్క తిరగబడుతుంది. ఆట లేని రోజు ఖాళీ రిగ్లీ కంటే ఫెన్వే టూర్ చాలా మేలు. గ్రీన్ మాన్‌స్టర్ మీదకి ఎక్కించి చూపిస్తారు. ఇద్దరే వెళ్తున్నా ఫెన్వేనే, రెండు మంచి సీట్లు దొరకడం అంత కష్టం కాదు.

ఇక మిగతావి. న్యూయార్క్‌లో ఇప్పుడున్న యాంకీ స్టేడియం 2009లో కట్టింది, చరిత్ర కోసమైతే వెళ్లక్కర్లేదు. లాస్ ఏంజిలిస్ డాడ్జర్ స్టేడియం 1962ది, అందంగా ఉంటుంది, ట్రాఫిక్ మీ ఇష్టం. అట్లాంటా వాళ్లకి మాత్రం బర్మింగ్‌హామ్‌లో రిక్‌వుడ్ ఫీల్డ్ ఉంది. 1910 నాటిది, తర్వాత బేస్‌బాల్ దిగ్గజమైన విల్లీ మేస్ కుర్రాడిగా, నల్లజాతి ఆటగాళ్ల జట్టు బ్లాక్ బేరన్స్‌కి ఆడిన మైదానం. దూరం నూట యాభై మైళ్లే, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.